ఎడమ వైపు ముఖం

రెండో వరద వచ్చిపోయిన మరుసటి ఏడు జరిగింది ఇది. మా ఊళ్లో సంవత్సరానికి అంకె చెబితే ఎవరికీ గుర్తుండదు. వరద చెబితే గుర్తుంటుంది. మొదటి వరద నాటికి నాకింకా పెళ్లి కాలేదు. రెండో వరద నాటికి నా భార్య పోయి చాలా ఏళ్లయింది, మా అమ్మాయికి పెళ్లయింది, కొట్టు ఆమె చేతికి వచ్చింది. నా కాపురమంతా ఆ రెండు వరదల మధ్య పొడినేల మీదే జరిగింది.

మొదటి వరద కేకలు వేసుకుంటూ వచ్చింది. రెండోది పిల్లిలా వచ్చింది. పొద్దున లేచి చూస్తే గడప దగ్గర నీళ్లు, చెప్పులు విడిచి లోపలికి వస్తున్నట్టు నిదానంగా. కొట్లోకి వచ్చాయి, కింది అరలన్నీ ఎక్కాయి, పిలవని చుట్టంలా కొన్నాళ్లు కూర్చున్నాయి, చెప్పకుండా వెళ్లాయి. పోతూ పోతూ గోడ మీద ఒక గీత గీసి పోయాయి. పైన రంగు వేసినా ఆ గీత లోపల్నుంచి కనిపిస్తూనే ఉంటుంది.

మాది ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్టు. బద్దలు కోయడం, మూలలు కలపడం, గాజు కోసి బిగించడం నా పని. చదువు మూడో తరగతిలో ఆగింది. మా అమ్మాయి పనిలోకి వచ్చాక కొట్టులో సగం కంప్యూటర్ది అయింది. ఎవరైనా పాత ఫోటో తెస్తే దాన్ని స్కానర్ మూత కింద పెట్టి లోపలికి ఎక్కిస్తుంది. స్క్రీన్ మీద పెద్దది చేసి, చిరిగినచోట అతుకుతుంది, మచ్చ పడినచోట తుడుస్తుంది. ఒక బుగ్గ పాడైతే బాగున్నచోటి చర్మం తీసుకొచ్చి అక్కడ అద్దుతుంది. వేర్వేరు ఫోటోల్లో ఉన్నవాళ్లను ఒకే ఫోటోలో పక్కపక్కన నిలబెడుతుంది. పొర మీద పొర వేస్తుంది, ఒక్కో పొరలో ఒక్కో మనిషి. తప్పు జరిగితే ఒక మీట నొక్కుతుంది, చేసింది చేయనట్టే అయిపోతుంది. నేను కోసిన బద్దకు అలాంటి మీట లేదు.

నీళ్లు తీశాక ఊరంతా మా కొట్టుకే వచ్చింది. తడిసిన ఫోటోలు దొంతర్లుగా ఒకదానికొకటి అంటుకుపోయి ఉండేవి. విడదీస్తుంటే ఒకరి ముఖం ఊడి ఇంకొకరి వీపుకు అతుక్కుని వచ్చేది. ముఖాలు ఉండాల్సినచోట గులాబిరంగు మబ్బులు, పసుపురంగు మబ్బులు. పెళ్లిబట్టలు వేసుకున్న మబ్బులు, బిడ్డల్ని ఎత్తుకున్న మబ్బులు. మా అమ్మాయి కొట్టంతా తీగలు కట్టి వాటిని ఆరేసేది. గాలి వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారే కదిలేవి. కింద కూర్చుని పని చేసుకుంటూ తల ఎత్తితే, నీళ్ల అడుగున కూర్చుని పైకి చూస్తున్నట్టుండేది నాకు.

అమ్మాయి దగ్గర విడిభాగాలుండేవి. స్కూటర్ మెకానిక్ దగ్గర ఉన్నట్టే. చేతులు, చెవులు, చొక్కా కాలర్లు, కోటు బొత్తాలు అన్నీ కంప్యూటర్లో ఒకచోట దాచి పెట్టుకునేది. వీధిలో తెలిసినవాళ్లను నిలబెట్టి ఫోటోలు తీసి దాచినవి. రొట్టెల కొట్టు ఆయన తన తండ్రి ఫోటో తెచ్చాడు. చెవులు రెండూ పోయాయి. మీ నాన్నగారి చెవులు ఎలా ఉండేవని అమ్మాయి అడిగింది.

"ఎలా ఉంటాయమ్మా, చెవుల్లాగే ఉండేవి. మా మాట వినేవి కావు, అంతే."

అమ్మాయి ఎదురుకొట్టు టైలరు చెవులు తీసి అతికించింది. రొట్టెలాయన చూసి కళ్లు తుడుచుకున్నాడు. ఈ చెవులు ఎక్కడున్నా గుర్తుపడతానన్నాడు. టైలరు అప్పుడు మా గడపలోనే నిలబడి ఉన్నాడు. ఒకసారి చెవి తడుముకున్నాడు.

ఊరందరికీ ఫ్రేములు కట్టిన ఇంట్లో మా ఫోటోలు మాత్రం లేవు. నా భార్య ఉన్న ఫోటోలు రెండే. రెండూ గుంపులో తీసినవి. గోరంత ముఖం. అవీ ఇనప్పెట్టెలో తడిసి ఒకదానికొకటి కరుచుకుని అట్టముక్కలా అయిపోయాయి. తల్లి పోయేనాటికి మా అమ్మాయికి మాటలు కూడా సరిగ్గా రావు. జ్వరం వచ్చింది, పోయింది. అమ్మ ఎలా ఉండేదని చిన్నప్పుడు అడిగేది. బాగుండేది అనేవాణ్ని. అంతకంటే చెప్పడం నాకు చేతకాలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పెదవి దాకా వస్తేగా.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మాయి టైలరు తెచ్చిన దొంతరను నీళ్ల పళ్లెంలో నానబెట్టి ఒక్కొక్కటే ఒలుస్తోంది. వయసులో ఉన్నప్పుడు టైలరుకు కెమెరా పిచ్చి. కనిపించిన ప్రతివాళ్లనూ నిలబెట్టి తీసేవాడు. ఒలుస్తూ ఒలుస్తూ అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. టైలరు తొంగి చూశాడు. చూసి నా వైపు తిరిగాడు.

"మీ ఆవిడే. రీలు చివర ఒక్కటి మిగిలితే ఎందుకు వృథా అని తీశాను. నాకు గుర్తే లేదు."

అమ్మాయి నన్ను చూసింది. ఈవిడేనా అన్నట్టు. నేను ఊఁ అన్నాను.

ఫోటోలో ఆమె కొట్లో, మా బల్ల చివర నిలబడి ఉంది. అప్పుడే కట్టిన ఖాళీ ఫ్రేము మీద చెయ్యి ఆన్చుకుంది. ఆమె కుడివైపు ముఖం చెక్కుచెదరలేదు. కన్ను ఉంది, కనుబొమ ఉంది, సగం ముక్కు, సగం నోరు ఉన్నాయి. ఎడమవైపు మాత్రం నీలం, గులాబి కలిసిన మబ్బు. ముక్కు దగ్గర మొదలై, చెవి ఉండాల్సినచోటు దాటి, భుజం మీదుగా ఎటో ఎగిరి వెళుతున్నట్టుంది.

టైలరు ఆ ఫోటో తీసుకెళ్లలేదు. మిగతావి కూడా మరిచిపోయి వెళ్లాడు.

సగం ముఖం బాగుంటే మిగతా సగానికి బెంగ లేదు. అది అమ్మాయి పనిలో మొదటి పాఠం. ఉన్న సగాన్ని నకలు తీసి, అద్దంలో తిప్పినట్టు తిప్పి, లేని సగం మీద అతికిస్తే సరి. ఊళ్లో ఎన్ని ముఖాలు అలా పూర్తి చేసిందో లెక్కలేదు. పోలీసాయన మీసం అలాగే పూర్తయింది. అమ్మాయి తన తల్లికి కూడా అదే చేసింది. తిప్పిన సగం మరీ అచ్చుగుద్దినట్టు ఉండకుండా వెలుగు కాస్త తగ్గించింది, పాపిట పక్కకు జరిపింది, చెవి దగ్గర జుట్టు నాలుగు పోగులు విడిగా గీసింది. తిండి ధ్యాస కూడా లేకుండా చేసింది. ఆ తర్వాత ఇంటిల్లిపాదినీ పిలిచింది.

మా అల్లుడు బస్సు నడుపుతాడు. డ్యూటీ దిగి అట్నుంచి అటే వచ్చాడు. మా మరదలు, నా భార్య చెల్లెలు, మోకాళ్లు పట్టుకుని మెట్లు ఎక్కి వచ్చింది. స్క్రీన్ ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది. కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"అక్కే. అక్క కంటే పిసరంత అందంగా ఉంది గాని, అక్కే. పోయినవాళ్లు ఆ మాత్రం అందంగా ఉండొచ్చులే" అని, ఆ తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే, నా ముక్కు కూడా ఇలాగే ఉండేదమ్మా, మీ బాబాయి గురకతో చెడిపోయింది అని అమ్మాయితో అంది. ఒకరి గురకకు ఇంకొకరి ముక్కు ఎలా చెడుతుందో ఎవరూ అడగలేదు. ఆవిడ మాటల్లో అలాంటివి పట్టుకుంటే తెల్లారదు.

అల్లుడు చాలా బాగుందన్నాడు. అందరూ చివరికి నా వైపు చూశారు. అమ్మాయి అయితే మొదట్నుంచీ నన్నే చూస్తోంది.

స్క్రీన్ మీద ఉన్నావిడ నాకేసి సూటిగా చూస్తోంది. కళ్లు రెండూ సమానం. నోటి మూలలు రెండూ సమానం. కొలిచి కట్టిన ఫ్రేములా ఉంది. కుడివైపు చూస్తే ఆమే. ఎడమవైపు చూసినా ఆమే కావాలి మరి, అదే కదా ఇదీ. కాని రెండూ కలిపి చూస్తే ఎవరో. మర్యాదస్తురాలు, మంచి మనిషి, మన ఇంటికి మొదటిసారి వచ్చినావిడ.

ఊఁ అనాలి. రాలేదు. ఏం తేడా అని అడిగితే చెప్పాలి కదా. అదీ తెలియలేదు. లేచి వెళ్లి జిగురు కలుపుకున్నాను.

అమ్మాయి అంతటితో వదల్లేదు. మర్నాడు పెదవులు కాస్త సన్నం చేసింది. ఇంకోనాడు నుదురు వెడల్పు చేసింది. కళ్ల కింద నీడ పెట్టింది, తీసింది. మరదలిని పక్కకు తిప్పి కూర్చోబెట్టి ఆవిడ చెంప ఫోటో తీసి అది వేసి చూసింది. వేసిన ప్రతిసారీ నన్ను పిలిచేది. నేను వెళ్లి నిలబడేవాణ్ని. చూసిన ప్రతిసారీ, ఏమో, ఇలాగే ఉండేదేమో అనిపించేది. అక్కణ్నుంచే వచ్చింది తంటా.

మధ్యాహ్నం భోజనమయ్యాక రంపపు పొట్టు బస్తాల మీద కాసేపు నడుం వాల్చడం నాకు అలవాటు. అలా వాలినప్పుడు నా భార్యను తలుచుకునేవాణ్ని. తలుచుకోవడమంటే పెద్ద ఏమీ లేదు. పక్క ఇంటి తలుపు తట్టినట్టు. వచ్చేది, ఉండేది, నిద్ర పట్టేది. ఒకరోజు తలుచుకుంటే నిద్ర ముందు వచ్చింది.

కలలో కొట్లోకి మళ్లీ నీళ్లు వచ్చాయి. చప్పుడు లేదు. నీళ్లలోంచి వెలుతురు వస్తోంది. తీగల మీద ఆరేసిన ఫోటోలు ఒక్కొక్కటే జారి నీళ్ల మీద పడుతున్నాయి. పడగానే ముఖం ఊడి రంగుపువ్వులా విచ్చుకుంటోంది. పువ్వులన్నీ వరసగా గడప దాటి వీధిలోకి వెళుతున్నాయి. రొట్టెలాయన తండ్రి పువ్వు రొట్టెల కొట్టు ముందు ఆగింది. పోలీసాయన పువ్వు నాలుగు వీధుల కూడలిలో ఆగి, చెయ్యి అడ్డం పెట్టినట్టు, మిగతావాటిని ఆపింది. ఎవరి పువ్వు వారి ఇల్లు వెతుక్కుంటోంది. నేను బల్ల దగ్గరే ఉన్నాను. నా భార్య నీళ్ల మీద నడిచి వచ్చి, బల్లకు అవతల, నాకు ఎదురుగా కూర్చుంది. అవతల గోడ కదా, కుర్చీ ఎక్కడ పడుతుంది అనుకున్నాను కలలోనే. గోడ లేదు. ఆమె నాకేసి సూటిగా చూసింది. కళ్లు రెండూ సమానం. నోటి మూలలు రెండూ సమానం.

మెలకువ వచ్చాక మంచినీళ్లు తాగి, కళ్లు మూసుకుని మళ్లీ తలుచుకున్నాను. స్క్రీన్ మీది ముఖమే వచ్చింది. నీడ పెట్టిన ముఖం వచ్చింది, నీడ తీసిన ముఖం వచ్చింది. మా ఇంటి తలుపు తడితే పక్కింటావిడ తలుపు తీసినట్టుంది. నా దగ్గర ఉన్న ఒక్క ముఖమూ కరిగిపోతోందని అర్థమైంది. వరదలో తడిసినవి తీగ మీద ఆరేశాం. ఇది ఎక్కడ ఆరేసుకోను?

ఆ రోజు నుంచి అమ్మాయి పిలిస్తే వెళ్లడం మానేశాను. పని ఉందనేవాణ్ని. కంప్యూటర్ వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ని. అమ్మాయి ఇంకొన్నాళ్లు పిలిచి చూసింది. తర్వాత పిలవడం మానేసింది. నా కంచంలో వడ్డించేటప్పుడు కూడా నా వైపు చూసేది కాదు. తన పని నాకు నచ్చలేదనుకుంది, లేదా తల్లి మాట ఎత్తడమే నాకు ఇష్టం లేదనుకుంది. రెండిట్లో ఏది అనుకున్నా దానికి కష్టమే.

అల్లుడు రాయబారానికి వచ్చాడు. బల్ల మీద కూర్చుని, కోసిన బద్దలు ఊరికే సర్ది, చివరికి అన్నాడు.

"మామయ్యా, మీ నోట్లోంచి ముత్యం రాలదని నాకు తెలుసు. తల అడ్డంగా ఊపండి, నిలువుగా ఊపండి, ఏదో ఒకటి ఊపండి. బస్సుకైనా ఆగమంటే ఒక గంట, పొమ్మంటే రెండు గంటలు ఉంటాయి. మీరు ఏ గంటా కొట్టకపోతే మీ అమ్మాయి నడిరోడ్డు మీద నిలబడిపోయింది."

మంచి పిల్లాడు. గంట కొట్టాలనే ఉంది నాకు. ఏ గంట?

ఇంకో వారం గడిచి ఉంటుంది. ముసురు పట్టింది. వీధిలో మనుషులు లేరు. టైలరు ఫోటోల్లో బాగైనవాటికి ఫ్రేములు కడుతున్నాను. అట్టను వెనక బిగించడానికి చిన్న మేకులు కొట్టాలి. ఎడమచేత్తో అట్ట నొక్కిపట్టుకున్నాను. ఒక మేకు కొట్టి సుత్తి కింద పెట్టాను. ఏదో పరధ్యానంలో ఉన్నాను, వాన చప్పుడు వింటున్నాననుకుంటా. నా కుడిచెయ్యి దానంతట అది పక్కకు వెళ్లి, అరచెయ్యి చాపింది. చాపి ఆగింది.

మా బల్ల అప్పుడూ ఇప్పుడూ గోడవారనే. ఇద్దరం గోడకు ఎదురుగా, పక్కపక్కన కూర్చునేవాళ్లం. ఆమె నా కుడి పక్క. మేకులు నోటి ఎడమ మూల పెదవుల మధ్య పట్టుకునేది. నేను చెయ్యి చాపితే ఒకటి తీసి అరచేతిలో పెట్టేది. నేను తల తిప్పనక్కర్లేదు. అయినా తిప్పేవాణ్ని. చెవి వెనక్కి తోసిన జుట్టు, చెవి తమ్మె మీద రంపపు పొట్టు, నోటి మూల మేకుల తలలు. మేకులు లేనప్పుడు కూడా ఆ మూల కొంచెం లోపలికి నొక్కుకుని, ఏదో పట్టుకున్నట్టే ఉండేది. అలా పట్టుకునే రోజంతా మాట్లాడేది. మాటలు సగం మింగినట్టు వచ్చేవి.

నా భార్య ముఖమంటే నాకు అది. ఎదురుగా చూడలేదని కాదు. చూశాను. కాని లోపల నిలిచింది పక్కనుంచి చూసింది, ఎడమవైపుది. టైలరు బల్ల చివర నిలబెట్టి తీసిన ఫోటోలో మిగిలింది కుడివైపుది. నాకు తెలిసిన సగాన్ని నీళ్లు తీసుకెళ్లాయి, తెలియని సగాన్ని తిప్పి అమ్మాయి నాకు చూపిస్తోంది. పరాయి మనిషిలా ఉండదా మరి.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది. తీసుకుంటే ఆమె పోతుందనిపించింది.

చూస్తే అమ్మాయి కంప్యూటర్ దగ్గర్నుంచి ఇటు తిరిగి నన్నే చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో తెలీదు. లేచి వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఆ కుడి పక్కనే.

"నాన్నా. అన్నిటికీ ఊఁ అంటావు. రొట్టెలాయన నాన్న చెవులకి కూడా ఊఁ అన్నావు. దీనికి ఎందుకు అనవు? ఆవిడ అమ్మేనా, కాదా?"

కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికి కారణం కూడా తెలిసింది కదా, చెప్పగలను. కాని అది నా కంటే ముందు మాట్లాడింది.

"నాకు కల్లోకి వచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి. ఇంతకుముందు వచ్చినా ముఖం ఉండేది కాదు నాన్నా, అటు తిరిగి ఉండేది. ఇప్పుడు ఇటు తిరిగి వచ్చింది. ఈ ముఖంతోనే."

"ఏమంది?" అన్నాను.

"ఏమీ అనలేదు. నీలాగే." నవ్వబోయి ఆపుకుంది. "నిలబడి చూసింది, వెళ్లిపోయింది. గొంతు ఎలా ఉంటుందో నాకు తెలిస్తేగా, తను మాట్లాడటానికి."

నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉండిపోయింది. కాదంటే ఆవిడ మళ్లీ అటు తిరుగుతుంది. తల్లి లేకుండా పెరిగిన పిల్లకు ఇన్నేళ్లకు ఒక తల్లి ఇటు తిరిగితే, ఈ ముఖం కాదమ్మా అని నేను చెప్పడమా. అవునంటే, నా దగ్గర మిగిలిన ఆ కాస్త ఎడమవైపునూ నా చేత్తో నేనే తుడిచేసినట్టు.

"నీకు అమ్మే" అన్నాను.

నా మాటలు తక్కువ కాబట్టి వాటిని జాగ్రత్తగా వింటుంది మా అమ్మాయి. ఒక్కోసారి ఆ అలవాటు లేకపోతే బాగుండేదనిపిస్తుంది.

"నాకు సరే. మరి నీకు?"

చెప్పాను. ఎన్ని మాటల్లో చెప్పానో గాని, చెప్పాను. కుడి పక్కన కూర్చునేదని, మేకులని, నోటి మూల అని. అది వింటూ వింటూ కూర్చుంది. విన్నాక కళ్లు మెరిశాయి. పనివాళ్ల కళ్లు మెరిసినట్టే మెరిశాయి. లేచి వెళ్లి మౌస్ మీద చెయ్యి వేసింది. ఆ మూల ఎంత లోపలికి ఉండేదో చెప్పు, చేసేస్తాను, పావుగంట పని అంది. ఫోటో పక్కకు తిప్పడం కూడా వచ్చని, పిన్ని చెంప ఉండనే ఉందని అంది.

"వద్దు" అన్నాను.

ఎందుకన్నట్టు చూసింది.

"నువ్వు చేస్తే అదే నిలుస్తుంది. నాది పోతుంది. ఇప్పటికే సగం పోయింది."

అది అప్పటిదాకా ఆలోచించని సంగతి. స్క్రీన్ వైపు చూసింది, నా వైపు చూసింది. మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. కాలిందేమో అన్నట్టు తీసింది. ఆ తర్వాత చిన్నపిల్లలా అంది.

"అయితే అటువైపు నాకేం లేదా?"

ఆ ఒక్క మాటకు జవాబు వెతకడం నా జన్మలో చేసిన పెద్ద పని. చేతులతో చేసే పని అయితే ఎప్పుడో అయ్యేది.

"ముఖం నువ్వు ఉంచుకో. మాటలు నేనిస్తా."

అది నన్ను చూసింది. ఆ చూపులో ముందు నవ్వు వచ్చింది, నవ్వుతోపాటు నీళ్లు వచ్చాయి.

"నువ్వా? మాటలా? బాగుంది నాన్నా, ఎవరైనా వింటే నవ్విపోతారు" అంది.

నవ్వితే నవ్వనీ. ఆవిడ మాట్లాడింది చాలా ఉంది. రోజంతా మాట్లాడిన మనిషి. నేను మాట్లాడలేదు కాబట్టే అన్నీ విన్నాను, విన్నవి ఎక్కడికీ పోలేదు. కాని గిన్నె అడుగు మాడినట్టు లోపల అంటుకుపోయి ఉన్నాయి. గీకితేగాని రావు. ఆ సాయంత్రం గీకి చూశాను. ఒక్కటీ రాలేదు. అమ్మాయి కూడా తొందరపెట్టలేదు. తన ఫోటోను ప్రింట్ తీసింది, కళ్లు రెండూ సమానంగా ఉన్నదాన్ని. తీసి నా బల్ల మీద పెట్టింది. తడిసిన అసలు ఫోటోను, మబ్బుతో సహా, దాని పక్కనే పెట్టింది. దాన్ని ఇక ముట్టుకోనంది. కంప్యూటర్ కట్టేసి ఇంట్లోకి వెళ్లింది. మా ఇల్లు కొట్టు వెనకే.

మర్నాడు పొద్దున్నే లేచి కొట్టు తలుపులు తీశాను. వాన వెలిసింది. వీధంతా కడిగినట్టుంది. మంచి బద్ద ఒకటి ఏరి, అమ్మాయి ఫోటోకు కొలత తీసుకుని నాలుగు ముక్కలు కోశాను. మూలలు కలిపాను. గాజు కోయబోతే మొదటి పలక వంకరగా విరిగింది. బల్ల మీంచి జారి నేల మీద పడి తునాతునకలైంది. రెండో పలక తీశాను. అది సరిగ్గా కోసుకుంది. స్క్రీన్ మీది ఆవిణ్ని గాజు వెనక పెట్టి, అట్ట బిగించి, గుడ్డతో తుడిచాను. కళ్లు రెండూ సమానంగా నాకేసి చూసింది. పర్వాలేదమ్మా, ఉండు, మా అమ్మాయిని చూసుకో అనుకున్నాను.

అప్పుడే ఇంట్లోకి వెళ్లే గుమ్మంలో అడుగుల చప్పుడైంది. తల తిప్పి చూశాను. అమ్మాయి నిద్రకళ్లతో, ఒట్టికాళ్లతో కొట్లోకి వస్తోంది. నేల మీద గాజు. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది. వచ్చింది నా గొంతే గాని, మాట నాది కాదు. అది తప్పటడుగులు వేసే రోజుల్లో, అదే గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా, దాని తల్లి పని ఆపి అన్న మాట. ఆమె పోయాక ఆ పేరుతో దాన్ని ఎవరూ పిలవలేదు.

"పిచ్చికా, అక్కడే ఆగవే. గాజు పెంకులున్నాయి. నేనొచ్చి ఎత్తుకుంటా."

అమ్మాయి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

నేను చీపురు తీసుకుని, దాని కాళ్ల దగ్గర్నుంచి ఊడవడం మొదలుపెట్టాను.